నాలుగో లైను ఇత్తడి

చరిత్ర రాసేవాళ్ళకి కత్తి దూసినవాడి మీద ఉన్న గౌరవం కాలితో తోసినవాడి మీద ఉండదు. అందుకే మనిషి మొట్టమొదటిసారి తనది కాని వస్తువును వంగి తీయకుండా, అలాగని తొక్కుకుంటూ పోకుండా, బూటు అంచుతో మెల్లగా దాని సొంతదారు వైపు జరిపిన శుభఘడియ ఏ శాసనానికీ ఎక్కలేదు. దొరికినదాన్ని జేబులో వేసుకోవడం ఆటవిక దశ అంటారు గానీ, ఆటవికులకి జేబులు లేవు కాబట్టి అది మన దశే. తీసి చేతికివ్వడం నాగరికత. కానీ చేతికివ్వాలంటే ఎదుటివాడి మొహం చూడాలి, ఏదో ఒక మాట అనాలి, అతను ఏదో ఒకటి అంటే మళ్ళీ మనం ఇంకోటి అనాలి. ఇంత తతంగం లేకుండా, ఇచ్చినట్టూ ఉండి, ఇచ్చామని చెప్పుకోనక్కర్లేని మూడో మార్గం ఒకటి కనిపెట్టడానికి మానవజాతికి చాలా కాలం పట్టింది. ఆ మార్గానికి మెరుగులు దిద్ది శాస్త్రం స్థాయికి తెచ్చినవాడు, ఊరి చివర పిస్తోలు రేంజిలో ఐదో లైనులో నిలబడే ఒక తూనికల ఇన్‌స్పెక్టరు.

బజారులో ఆయన్ని రాళ్ళాయన అంటారు. తూకం రాళ్ళు పరీక్షించే ఉద్యోగం గనక. వెనకాల ఇంకేవో కూడా అంటారు గానీ అవి అచ్చులో పెట్టదగ్గ మాటలు కావు. ఆయన కొట్టు గడప తొక్కగానే లోపల జరుగుతున్న మాట అక్కడే ఆగిపోతుంది. నవ్వుతున్నవాడు నవ్వు మింగుతాడు. కాటా మీదున్న ఉల్లిపాయలు సైతం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాయి. మొదట్లో కుర్చీ వేసి టీ తెప్పించేవాళ్ళు. టీ తాగితే లంచమంటారేమోనని ఆయన తాగేవాడు కాదు. తర్వాత తర్వాత తెప్పించడం మానేశారు, ఆ పైన కుర్చీ కూడా మానేశారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ తాను వెళ్ళిన ప్రతి చోటా మాటలు ఆగిపోవడమే చూసినవాడికి, మనుషులు సహజంగా మాట్లాడుకోరనీ, గోడ అవతల నుంచి వినబడేదంతా రేడియో అనీ అనిపిస్తే తప్పు పట్టలేం.

పెళ్ళి చేసుకోలేదు. సంబంధం వచ్చినప్పుడల్లా ఆయన రెండు వైపులా తూచి చూసేవాడు. ముల్లు మధ్యలో నిలబడేలోపు అవతలివాళ్ళు వేరే ఇల్లు చూసుకునేవాళ్ళు. మేడ మీద రెండు గదుల్లో ఉంటాడు. వంటగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, ఆ గోడ మీద ఒక నీళ్ళ గొట్టం. కుర్చీలు రెండున్నాయి. ఒకదాంట్లో ఆయన కూర్చుంటాడు, రెండోదాంట్లో ఇస్త్రీ చేసిన చొక్కాలు కూర్చుంటాయి.

ఆయనకున్న బలగమంతా ఒక అక్క. రైల్లో సగం రోజు దూరంలో, దర్జీ కొట్టు పెట్టుకుని, కూతురు, అల్లుడు, మనవలు, కొట్లో పనిచేసే ఆడపిల్లలు అందరి మధ్యా ఉంటుంది. బస్సెక్కితే దిగేలోపు పక్కసీటావిడ మోకాలి ఆపరేషను కథంతా రాబట్టగల మనిషి. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేస్తుంది. ఆరోగ్యం సంగతి, తిండి సంగతి అయ్యాక అసలు ప్రశ్న వేస్తుంది: ఇవాళ ఎవరితో మాట్లాడావు? జవాబు చెప్పడానికి ఆయన తడుముకుంటే, నలుగురూ ఉన్న చోటికి వెళ్ళరా, నాలుగు మాటలు చెవినపడతాయి అని పోరుతుంది. రక్తపోటు మందు రాసిన డాక్టరు కూడా ఏదైనా క్లబ్బులో చేరమన్నాడు. ఆయన ఊళ్ళో ఉన్న క్లబ్బులన్నీ నిదానంగా పరిశీలించి, నలుగురూ ఉన్నా నలుగురూ చెవులు మూసుకుని ఉండే క్లబ్బు ఒక్కటి ఉందని తెలుసుకుని, అందులో చేరాడు.

పిస్తోలు రేంజి అంటే తెలియనివాళ్ళు అదేదో అల్లరి మూక చేరే చోటనుకుంటారు. పెళ్ళివారి భోజనాల దగ్గర కనబడని మర్యాద అక్కడ కనబడుతుంది. పొడుగాటి షెడ్డు. అడ్డంగా నడుము ఎత్తు బల్ల, ఆ బల్లను ఎనిమిది లైన్లుగా విడదీస్తూ నేల మీద పసుపు గీతలు. లైన్ల మధ్య గోడల్లేవు. ఎదర మట్టి కట్ట, దాని ముందు కాగితపు గురులు. ఎర్రలైటు వెలిగినంత సేపూ కాల్చడమే గానీ గీత దాటడం, నేల మీదికి వంగడం పనికిరావు. పచ్చలైటు వెలిగితే అందరూ తుపాకులు ఖాళీ చేసి, గొట్టం ఎదుటి కట్ట వైపు ఉండేలా బల్ల మీద పెట్టి, వెనక్కి అడుగేయాలి. ఆపైన తమ తుపాకీనైనా సరే ముట్టుకోకూడదు. లైట్ల మీటలు రేంజి మాస్టారి చేతిలో ఉంటాయి. ఆయన పూర్వం డ్రిల్లు మాస్టారు. ‘బాగున్నారా’ అన్న మాటను కూడా మైదానం అవతలి గట్టున ఉన్నవాణ్ణి పలకరిస్తున్నట్టు అంటాడు.

ఇక ఇత్తడి. పిస్తోలు పేలిన ప్రతిసారీ గుండు ముందుకు పోతుంది, దాన్ని మోసుకొచ్చిన ఖాళీ తొడుగు కుడిపక్కకి ఎగిరి పడుతుంది. ఆ తొడుగుల్ని రేంజిలో అందరూ ఇత్తడి అనే అంటారు. అప్పుడే ఎగిరొచ్చిన ఇత్తడి పెనం మీంచి దిగినంత వేడిగా ఉంటుంది. అది కాలరులోంచి వీపు మీదికి జారితే ఎంతటి గంభీరుడైనా నాట్యం చేస్తాడు. నాట్యం చేయడం తప్పు కాదు, తుపాకీ చేతిలో ఉండగా చేయడం తప్పు. ముందు తుపాకీని బల్ల మీద పెట్టి, వెనక్కి తగ్గి, తర్వాత తోచినంత సేపు ఆడుకోవచ్చు. ఒక బ్యాంకు మేనేజరు ఒకసారి ఈ వరస తలకిందులు చేశాడు. మాస్టారు ఆయన మణికట్టు పట్టుకుని గేటు దాకా పెళ్ళికొడుకును నడిపించినట్టు నడిపించి వచ్చాడు. ఆ మేనేజరు ఇప్పుడు ఆ వీధి మీదుగా కూడా వెళ్ళడని చెబుతారు.

ఇత్తడి ఎవరి పిస్తోలులోంచి వస్తే వాళ్ళ సొత్తు. ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ మందు కూరి, కొత్త గుండు బిగించి వాడుకునేవాళ్ళున్నారు. కాబట్టి పక్క లైనులో పడ్డ మన ఇత్తడిని పచ్చలైటు వెలిగాక పక్కవాణ్ణి అడిగి తీసుకోవాలి. మన లైనులో పడ్డ పరాయి ఇత్తడిని అతనికి అప్పగించాలి. దాన్ని జేబులో వేసుకోకూడదని మాత్రం గోడ మీది నియమాల బోర్డులో ఎక్కడా లేదు. అది కూడా రాయాల్సి వస్తుందని బోర్డు రాసినవాడికి తోచలేదు.

రాళ్ళాయనది క్లబ్బువాళ్ళ పాత రివాల్వరు. అది ఇత్తడిని విసరదు, కడుపులోనే దాచుకుంటుంది. ఆయన దాన్ని అరచేతిలో ఒంపుకుని అక్కడున్న డబ్బాలో వేస్తాడు. ఎవరి మీదా పడడు, ఎవరికీ అడ్డం రాడు. అలాంటిది, చేరిన కొత్తలో ఒక ఆదివారం మోచేతికి ఏదో టక్కున తగిలింది. కింద చూస్తే తన బూట్ల చుట్టూ ఇత్తడి తొడుగులు మెరుస్తున్నాయి. ఎడమ పక్కన నాలుగో లైనులో ఒక పొడుగాటి మనిషి, ఏదో గుంటలోకి తొంగిచూస్తున్నట్టు ముందుకు వంగి, ఏకాగ్రతగా కాల్చుకుంటున్నాడు.

పచ్చలైటు వెలిగింది. ‘ఇవి మీవాండీ’ అనాలి. రాళ్ళాయనకి తెలుసు. నోరు తెరిచాడు కూడా. కానీ ఇద్దరి చెవులకీ పేలుడు చప్పుడు వినబడకుండా పెట్టుకునే కప్పులున్నాయి, ఇద్దరి మధ్యా పరిచయం లేదు. ఆయన ఆ నోటిని అలాగే మూసుకుని, బూటు అంచుతో తొడుగులన్నిటినీ ఒక చోటికి చేర్చి, ఒక్క తోపులో పసుపు గీత దాటించాడు. చప్పుడు కాలేదు, ఒక్కటి కూడా దొర్లిపోలేదు. నాలుగో లైనాయన ఆ కుప్పను చూశాడు, తోసిన బూటును చూశాడు, తర్వాత ఒక్కసారి తల ఊపాడు. పైకీ కిందికీ కాదు, కిందికే. పద్దు ముగించి ముద్ర వేసినట్టు.

ఆ రోజు నుంచి ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే. ఆయన ఇత్తడి ఇటు వస్తుంది, ఈయన బూటు అటు తోస్తుంది, ఆయన తల కిందికి ఊగుతుంది. తర్వాత ఆయన ఇత్తడి సంచిలో వేసుకుని అందరికన్నా ముందు వెళ్ళిపోతాడు. తనను చూడగానే నవ్వు మింగని మనిషి, తనను చూసి తల ఊపే మనిషి ఒకడున్నాడని రాళ్ళాయనకి మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆదివారం కోసం శుక్రవారం నుంచే బూట్లకి పాలిష్ వేయడం మొదలుపెట్టాడు.

అక్క ఫోనులో ఎవరితో మాట్లాడావని అడిగితే ఒక ఆదివారం ఆయన, ‘పక్కన ఒకాయన ఉన్నాడక్కా’ అన్నాడు. తల ఊపాడు అని పూర్తి చేద్దామనుకున్నాడు గానీ అక్క వాక్యాలు పూర్తి కానిచ్చే మనిషి కాదు. స్నేహితుడా అంది. ఈయన ఊరుకున్నాడు. అలా ఆ స్నేహం రిజిస్టరు అయిపోయింది. అప్పటి నుంచి ప్రతి వారం స్నేహితుడి క్షేమం కూడా అడగడం ఆనవాయితీ అయింది. రాళ్ళాయన వృత్తిధర్మం కొద్దీ ఎన్నడూ అబద్ధమాడలేదు. ఇవాళ కొంచెం ఎడమకి పోతున్నాడక్కా అనేవాడు. కట్ట మీద దుమ్ము లేచే చోటును బట్టి, గుళ్ళ సంగతి. అయ్యో, డాక్టరుకి చూపించుకోమని చెప్పలేదూ అనేది అక్క. వచ్చే వారానికి సర్దుకుంటుందిలే అనేవాడు. సర్దుకునేది కూడా.

ఉద్యోగ విరమణ దగ్గరపడింది. అక్క ఒక ఆదివారం తేల్చి చెప్పింది.

“ఇంకా అక్కడ నీకెవరున్నారురా? సామాను సర్దుకుని వచ్చెయ్. మా మేడ మీద గది నీకోసమే ఖాళీగా పెట్టాను.”

అక్క ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు. వినేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ హోరు తలుచుకుంటే రాళ్ళాయన రక్తపోటు ఫోనులోనే లేచి నిలబడింది. “ఇక్కడ నా స్నేహితుడున్నాడు కదక్కా” అన్నాడు. ఈసారి వాక్యం తనే పూర్తి చేశాడు.

అవతల కుట్టుమిషను ఆగింది. “సరే. మూడు వారాల్లో నేనే వచ్చి చూస్తా. మంచి మనిషైతే అక్కడే ఉండు. కాకపోతే నా వెంట రైలెక్కు” అంది అక్క.

అలా, పేరు తెలియని, గొంతు వినని, కాలితో తప్ప ఎన్నడూ పలకరించని ఒక మనిషిని మూడు వారాల్లోపు స్నేహితుడిగా చూపించవలసిన బాధ్యత రాళ్ళాయన నెత్తిన పడింది.

పలకరిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికని అడగొచ్చు. మొదటి రోజు చెప్పని నమస్కారాన్ని ఐదేళ్ళ తర్వాత చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న దాని తోక పట్టుకునే వస్తుంది. ఆయన స్నానాల గదిలో ఎన్నో వాక్యాలు తయారుచేశాడు. ‘వాతావరణం బాగుంది’ అందామంటే షెడ్డుకి కిటికీల్లేవు. ‘మీ గురి బాగా కుదిరింది’ అందామంటే పరాయివాడి కాగితం వైపు తొంగిచూడటం ఆ రేంజిలో పరాయివాడి ఉత్తరం చదివినంత పాపం. ఎర్రలైటు ఉండగా మాట వినబడదు. పచ్చలైటు వెలిగి తల ఊగిన మరుక్షణం ఆ మనిషి సంచి సర్దుకుని తలుపు దగ్గరుంటాడు. మొదటి ఆదివారం ఇలాగే గడిచిపోయింది. తల మాత్రం ఊగింది.

వారమంతా ఆలోచించి రాళ్ళాయన ఒక పథకం వేశాడు. ఇన్నేళ్ళ నిజాయితీ ఉన్నవాడికి మాత్రమే తట్టే తప్పుడు పథకం అది. ఈసారి ఇత్తడి తోయకూడదు. జేబులో ఉంచుకుని, బయట గేటు దగ్గర అందుకుని, ‘ఇవి మరిచిపోయారండీ’ అని చేతికివ్వాలి. అందులో మర్యాద ఉంది, వాక్యం ఉంది, అవతలివాడు బదులు చెప్పక తప్పని ఏర్పాటు ఉంది.

రెండో ఆదివారం పచ్చలైటు వెలగగానే, నాలుగో లైనాయన గురికాగితం తెచ్చుకోవడానికి ముందుకు వెళ్ళిన సమయం చూసి, రాళ్ళాయన వంగి తొడుగులన్నీ ఏరి కోటు జేబులో పోసుకున్నాడు. వేడి ఇంకా పూర్తిగా పోలేదు, తొడకి తెలుస్తోంది. ఆయన తిరిగొచ్చాడు. అలవాటు చొప్పున పసుపు గీత వైపు చూశాడు. ఏమీ లేదు. ఐదో లైను నేల చూశాడు, శుభ్రంగా ఉంది. బూటు చూశాడు. తర్వాత, ఐదేళ్ళలో మొదటిసారి, రాళ్ళాయన మొహం చూశాడు. తల ఊపలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రాళ్ళాయన వెంట పరుగెత్తాలి. కానీ క్లబ్బు రివాల్వరును మాస్టారే వచ్చి బల్ల మీంచి తీసుకుని, గొట్టంలోకి తొంగిచూసి, సరే అనేదాకా లైను వదలకూడదు. ఆ రోజు మాస్టారు రెండో లైనులో ఒక కొత్త సభ్యుడికి గొట్టం ఎటు తిప్పకూడదో చెబుతున్నాడు, కొత్త సభ్యుడు ఎటు తిప్పకూడదో అటే తిప్పి అర్థమైందని చూపిస్తున్నాడు. అన్నీ అయ్యి గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఒక బస్సు వెనక భాగం కనబడింది.

బజారంతా తిరిగి దొంగ రాళ్ళు పట్టుకునే మనిషి పరాయి ఇత్తడి జేబులో గలగలమంటుండగా ఇంటికి నడిచాడు. ప్రతి అడుగుకీ అది సాక్ష్యం చెప్పింది. ఆ వారం ఒక కొట్లో అరిగిపోయిన రాయి దొరికితే, కొట్టువాడు తెలియక జరిగిందండీ అన్నాడు. ఇదివరకెన్నడూ నమ్మని ఆ మాటను రాళ్ళాయన ఆ రోజు నమ్మాడు. కొట్టువాడు దానికి మరీ భయపడిపోయాడు.

శనివారం అక్క దిగింది. వస్తూనే రెండో కుర్చీలోని చొక్కాలు తీసి మంచం మీద పెట్టి కూర్చుంది. గది నాలుగు మూలలూ చూసి, ఈ గొట్టాన్ని చూస్తూ అన్నం తింటున్నావా ఇన్నేళ్ళూ అని అడిగింది. ఆ పైన స్నేహితుడి పేరేమిటంది. రేపు చూస్తావుగా అన్నాడు ఈయన. పిల్లలెంతమంది అంది. రేపు అడుగుదువుగాని అన్నాడు. అక్క ఇంకేమీ అడగకుండా ఆయన చొక్కా గుండీలు గట్టిగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ లాగి చూసింది. ఒకటి ఊడొచ్చింది. కుట్టి పెట్టింది.

మర్నాడు రేంజిలో మాస్టారు ఆవిడకి చెవి కప్పులిచ్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టాడు. రాళ్ళాయన తన లైనుకి వెళ్ళాడు. నాలుగో లైను ఖాళీ. ఎప్పుడూ ఆలస్యంగా రాని మనిషి. మాస్టారు దగ్గరకొచ్చి తనకు తెలిసిన రహస్యస్వరంతో షెడ్డంతటికీ వినబడేలా చెప్పాడు.

“మీ పక్కాయన లైను మార్పించుకున్నాడు సార్. ఎనిమిదోది కావాలన్నాడు. అక్కడ కుడిపక్క గోడ కదా, ఇత్తడి గోడకి తగిలి తన కాళ్ళ దగ్గరే పడుతుంది. ఎవరి దగ్గరికీ పోదు అన్నాడు.”

రాళ్ళాయన ఆ చివర చూశాడు. గోడ పక్కన, గుంటలోకి తొంగిచూస్తున్నట్టు వంగి, ఆయన. ఎవరి దగ్గరికీ పోదు. రోజూ కొట్లలో తాను చదివే తీర్పు తనకే ఎవరో చదివి వినిపించినట్టయింది. ఆ రోజు ఆయన కాల్చిన గుళ్ళలో ఒక్కటి కూడా కాగితానికి తగల్లేదు. మట్టి కట్టకి మాత్రం అన్నీ తగిలాయి.

పచ్చలైటు వెలిగాక వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అక్క కప్పులు తీసి, ఏడిరా అంది. వేలితో చూపించాడు.

“అంత దూరంగా నిలబడ్డాడేం? పోట్లాడుకున్నారా?”

“అలాంటిదే.”

అక్క మొహం విప్పారింది. ఆవిడ మనసులో ఏ మూలో ఇప్పటిదాకా ఉన్న అనుమానం ఆ ఒక్క మాటతో పోయినట్టుంది. “పోట్లాడుకునేదాకా వచ్చారంటే మాటలు కాదురా. వెళ్ళు. తప్పు ఎవరిదైనా ముందు నువ్వే మాట్లాడు” అంది.

జేబులో రుమాలు మూట ఉంది. వారం నుంచీ ఆ ఇత్తడి అందులోనే ఉంది. రాళ్ళాయన లేచి, అందరి వెనక నుంచి, మూడు పసుపు గీతలూ దాటుకుంటూ గోడ దాకా నడిచాడు. మూట విప్పి ముందుకు చాపి, తన గొంతే తనకి పరాయిగా వినబడుతుండగా, చెప్పవలసిందంతా చెప్పేశాడు. ఇవి మీవి, దొంగతనం చేయలేదు, బయట చేతికిద్దామని ఉంచాను, అందుకోలేకపోయాను.

ఆ మనిషి చెవి కప్పులు తీశాడు.

“ఏమన్నారండీ?”

మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి కొంచెం పొట్టిగా వచ్చింది.

“అయ్యో, వీటి కోసమా?” అన్నాడు ఆయన. “నేనివేం చేసుకుంటానండీ. గేటు దగ్గర పాత ఇనుము డ్రమ్ము లేదూ, ఎప్పుడూ అందులో పోసి పోతాను.”

“ప్రతివారమూనా?”

“ప్రతివారమూనే. మీరంత శ్రద్ధగా పోగుచేసి ఇటు తోస్తుంటే, ఇక్కడే వదిలేసి పోతే బాగుండదు కదా.”

రాళ్ళాయన చేతిలోని రుమాలు వైపు చూసుకున్నాడు. “మరి లైను...” అన్నాడు.

“కిందటి వారం మీరు తొయ్యలేదు. నేల చూస్తే ఊడ్చేసి ఉంది. నా ఇత్తడి ఇన్నేళ్ళుగా మీ మీద పడుతోంది, విసుగొచ్చిందనుకున్నాను. పైకి అనలేక ఊరుకున్నారేమోనని నేనే జరిగాను.”

ఇద్దరూ నేల చూశారు. ఇంతలో అక్క వచ్చేసింది. వీడి అక్కనండీ నేను, మీ పోట్లాట తీరిందా అని అడిగింది. ఆ మనిషి ఒక్క క్షణం రాళ్ళాయన మొహం చూశాడు. తాను ఏ పోట్లాటలో ఉన్నాడో తెలియకపోయినా, “తీరిందండీ” అన్నాడు.

గేటు బయట టీ తాగారు. ఐదేళ్ళలో తమ్ముడు సంపాదించలేని సమాచారాన్ని అక్క టీ చల్లారేలోపు సంపాదించింది. పేరు తెలిసింది. ఆయన పళ్ళ డాక్టరని తెలిసింది. రోజంతా ఆయన ముందు కూర్చున్నవాళ్ళ నోళ్ళు తెరిచే ఉంటాయట, మాట మాత్రం రాదట. భార్య ఆసుపత్రిలో నర్సు, అన్నీ రాత్రి డ్యూటీలు. ఆవిడ వచ్చేసరికి ఈయన బయల్దేరతాడు, ఈయన వచ్చేసరికి ఆవిడ. వంటగదిలో ఒకరికొకరు మూత పెట్టి ఉంచిన గిన్నెలే వాళ్ళ కబుర్లు. అక్క తన వెనక దంతం ఒకటి వేలితో చూపించింది, ఆయన రోడ్డు మీదే వంగి తొంగిచూసి, తీయించేయాలన్నాడు. వాళ్ళిద్దరూ ఎన్నాళ్ళ నుంచో తెలిసినవాళ్ళలా మాట్లాడుకుంటుంటే రాళ్ళాయన మూడు గ్లాసులూ తీసుకెళ్ళి కొట్టువాడికి ఇచ్చి వచ్చాడు.

సాయంత్రం స్టేషనులో అక్క కిటికీ పక్కన కూర్చుని, మంచి మనిషిరా అంది. నా బెంగ తీరిపోయిందంది. ఆ మేడ మీద గదిలో మిషన్లు వేయిస్తానని, కొట్లో ఆడపిల్లలకి చోటు చాలడం లేదని చెప్పింది. మంచిదక్కా అన్నాడు ఈయన. రైలు కదిలేలోపే ఆవిడ పక్కసీటులో ఉన్న ముసలాయన్ని ఎక్కడిదాకా అని అడుగుతోంది.

రాళ్ళాయన నడిచే ఇంటికి వెళ్ళాడు. ఆ మేడ గదిలో ఉండాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అయినా ఇన్నేళ్ళూ అది ఉండేది. చొక్కాలు మంచం మీదే ఉన్నాయి. రెండో కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు చూసి, చొక్కాలు తీసి మళ్ళీ కుర్చీలో పెట్టాడు.

తర్వాతి ఆదివారం నాలుగో లైనులో ఆయన ఉన్నాడు.

ఇకనుంచి అంతా వేరుగా ఉంటుందని రాళ్ళాయన నమ్మకం. అపార్థం పుట్టింది, సంధి కుదిరింది, సాక్షి సమక్షంలో టీ తాగారు. రాజ్యాల మధ్య ఇంతకన్నా తక్కువకే విజయస్తంభాలు లేచాయి. వారమంతా స్నానాల గదిలో వాక్యాలు వరద కట్టాయి. మీ ఆవిడ బాగున్నారా అనొచ్చు. మా అక్క దంతం తీయించుకుందనొచ్చు. ఒక రోజు మా ఇంటికి రండి అని కూడా అనొచ్చు. అప్పుడు చొక్కాలు ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

ఎర్రలైటు వెలిగింది. ఇత్తడి మామూలుగానే గీత దాటి వచ్చి బూట్ల చుట్టూ పడింది. పచ్చలైటు వెలిగింది. రివాల్వరు బల్ల మీద పెట్టి, వెనక్కి తగ్గి, రాళ్ళాయన బూటు అంచుతో అంతా పోగుచేసి ఒక్క తోపులో పంపించాడు. ఆయన కుప్పను చూశాడు, బూటును చూశాడు, తల కిందికి ఊపాడు.

అంతటితో ఆగలేదు. మొట్టమొదటిసారిగా, తనంతట తానే, ఆయన తన చెవి కప్పులు మెడ మీదికి దించుకున్నాడు. గీత మీదుగా ఇటు వంగాడు. రాళ్ళాయన గబగబా తన కప్పులూ తీసేశాడు. మాస్టారు సైతం లైట్ల మీట దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు.

“మీ లేసు ఊడిందండీ” అన్నాడాయన.

రాళ్ళాయన కిందికి చూసుకున్నాడు. ఊడింది.